పొగగొట్టానికి మంకీ క్యాపు

ఒక్క తొక్కుడుతో నూటయాభై మంది నోటికాడి కూడు మసి చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, ఈ కాగితానికి ఇవతలి వైపు కూర్చున్నాను. దణ్ణాలు తరవాత పెడుదురుగాని, ముందు కథ వినండి.

ఇది జరిగి పదేళ్ళయింది. అప్పుడు నాకు నలభై రెండు. ఆ వయసుకి మగవాడికి బుద్ధి వచ్చేసి ఉంటుందని లోకం అనుకుంటుంది. మగవాడూ అనుకుంటాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఇప్పుడు యాభై దాటాను కాబట్టి ఆ నలభై రెండేళ్ళ కుర్రాణ్ణి నిర్దాక్షిణ్యంగా ఉతికి ఆరేసే హక్కు నాకుంది. వాడి తరఫున మాట్లాడేవాళ్ళెవరూ లేరు. మా ఆవిడ అసలే మాట్లాడదు.

వాడి ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి. కొంప ముంచింది అదే. జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో, పొగలోంచి దుమ్ము పట్టే విభాగంలో నా పని. కొలుముల దగ్గర లేచే పొగని ఇంత లావు గొట్టాలతో ఒక పెద్ద గదిలోకి లాగుతారు. ఆ గదిలో వేలకొద్దీ గుడ్డ సంచులు వేలాడుతుంటాయి. ఒక్కోటీ ఇద్దరు మనుషుల పొడుగు, లోపల తీగల పంజరం. పొగ ఆ సంచుల్లోంచి దూరి పోతుంది, దుమ్ము మాత్రం గుడ్డకి అంటుకుని ఆగిపోతుంది. గుడ్డ మరీ మందమైపోతే పైనుంచి గాలితో ఫట్టుమని ఒక్క దెబ్బ కొడతారు. దుమ్మంతా జలజలా రాలుతుంది. ఇరవయ్యేళ్ళు ఆ సంచుల మధ్య తిరిగి తిరిగి, లోకంలో ఏ పొగైనా నన్ను చూడగానే లేచి నిలబడి నమస్కారం పెడుతుందన్న నమ్మకం నాకు కుదిరిపోయింది. అగరొత్తి పొగ ముందు కూడా కొంచెం గంభీరంగానే కూర్చునేవాణ్ణి.

ఇక కారు. మా నాన్న అప్పలస్వామి అదే కార్ఖానాలో క్రేను నడిపి, రిటైరైన నెలలో ఒక చిన్న తెల్లకారు కొన్నాడు. తెల్లది అని కాయితంలో ఉంది కాబట్టి నేనూ అంటున్నాను. పదిహేనేళ్ళకి అది ఏ రంగో చెప్పాలంటే పండితులని పిలవాలి. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ మా కారుకి ఆ నియమం వర్తించదు. సిద్ధగోరాలో మా వీధి మలుపు తిరుగుతుంటే వెనక పొగ చూసి, దోమల మందు బండి వచ్చిందనుకుని జనం కిటికీలు తెరిచేవారు.

కానీ ఆ కారు లేకపోతే మా నాన్న లేడు. ఆయన మోకాళ్ళు ఆయన మాట వినడం మానేసి అప్పటికి నాలుగేళ్ళు. ఆటో ఎక్కాలంటే వంగాలి, రిక్షా ఎక్కాలంటే లేవాలి, రెండూ ఆయన వల్ల కావు. ఈ కారు ముందు సీటు మాత్రం ఆయన ఒంటి కొలతకి అరిగిపోయి ఉండేది. తలుపు తీసి వెనక్కి వాలితే చాలు, అదే లోపలికి లాక్కునేది. ప్రతి ఆదివారం నేను ఆయన్ని సాక్చి బజారుకి తీసుకెళ్ళాలి. చేపలు కొనాలి. తరవాత టీ కొట్టు దగ్గర ఇద్దరు పాత క్రేను డ్రైవర్లతో కూర్చుని, చచ్చిపోయిన ఫోర్‌మెన్లని పేరుపేరునా తిట్టాలి. వారంలో ఆ రెండు గంటలే ఆయనకి వారం.

పదిహేనేళ్ళు నిండిన కారుకి రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలి. దానికి పొల్యూషన్ కాయితం కావాలి. రవాణా ఆఫీసులో మాకు దొరికిన తేదీ మర్నాడే. ఆ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు. మా ఆవిడ పార్వతి అప్పటికే తుక్కు సామాన్ల వాడితో మాట్లాడి పెట్టింది.

"రేపు కాయితం లేకుండా వత్తే ఎల్లుండి ఆడొచ్చి ఎత్తుకుపోతాడు. మరి నానేటి సెయ్యలేను," అంది.

"మరి నా ఆదివారమో?" అన్నాడు మా నాన్న.

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. "పొగ సంగతేగా నానా, నాకొగ్గీ. ఇరవయ్యేళ్ళుగా నాను సేత్తన్నదేటి?" అన్నాను.

"అదే బయమేత్తంది," అన్నాడాయన.

మర్నాటికి తేదీ అంటే ఇవాళ ఏ రోజో మీకు చెప్పలేదు కదూ. విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ రోజు సంగతి బయటివాళ్ళకి చెప్తే నమ్మరు. దసరాకి ఆయుధాలకి పూజ చేసేవాళ్ళుంటారు, మేము దానికి ముందే మా ఇనుప సామాన్ల మొక్కు తీర్చేస్తాం. కార్ఖానా నుంచి సైకిల్ పంక్చర్ కొట్టుదాకా వీధికో పందిరి, పందిరికో మైకు, మైకుకో చెవిటివాడు. రిక్షా కూడా బంతిపూల దండ వేసుకుని పెళ్ళికొడుకులా నిలబడుతుంది. ఇక అసలు నియమం ఏమిటంటే, ఆ రోజు ఏ మిస్త్రీ పనిముట్టు ముట్టడు. సుత్తులూ పానాలూ అన్నీ కడిగి, సిందూరం పెట్టి, దేవుడి ముందు వరసగా పడుకోబెడతారు. ఏడాదంతా కష్టపడ్డాయి, ఒక్కరోజు పడుకోనీ అని. పడుకున్న పానాని లేపడం కన్నా పడుకున్న అత్తగారిని లేపడం తేలిక.

ఆ పొద్దున్న అగ్రికో దగ్గర పెట్రోలు బంకుకి వెళ్ళాను. బంకు ఆవరణలో పొల్యూషన్ పరీక్ష చేసే వ్యాను ఆగి ఉంటుంది. దాన్లో సునీత మహతో అని ఒకావిడ కూర్చుంటుంది. కంప్యూటరుకి పూలదండ వేసి ఉంది, ఆవిడ మాత్రం పని చేస్తోంది. ఒక సన్నటి గొట్టం తెచ్చి మా కారు వెనక గొట్టంలో దూర్చింది. తెర వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది. డాక్టర్లు ఇలా చూస్తే మనం చుట్టాలకి ఫోన్లు చేయడం మొదలుపెడతాం.

"ఫెయిల్ హై, దాదా."

"మరోసారి చూడండి."

"చూశాను. మొదటిసారి కన్నా ఎక్కువొచ్చింది. మూడోసారి చూడమంటే చూస్తాను గానీ, అది కోపం తెచ్చుకునేలా ఉంది," అంది హిందీలో. "బాగు చేయించి తీసుకురండి. నాలుగింటిదాకా ఉంటాను."

బంకు గోడని ఆనుకునే లఖన్ మిస్త్రీ షెడ్డు. మా కారుకి పుట్టిన ప్రతి రోగమూ ఆ షెడ్డులోనే కుదిరింది. లోపల చిన్న పందిరి, బొమ్మ, బొమ్మ ముందు పానాలు పెద్దది నుంచి చిన్నదాకా పెళ్ళిలో బంధువుల్లా వరసగా ఉన్నాయి. బయట ఇటుకల పొయ్యి మీద ఒక గంగాళం ఎక్కించి ఉంది. లఖన్ కొత్త కుర్తా వేసుకుని, గుమ్మడికాయలు లెక్కపెడుతున్నాడు.

"లఖన్, పానా ఉందా?" అన్నాను.

"హై. బాబా కే పాస్ హై." దేవుడి దగ్గర ఉందన్నమాట.

"ఒక్క పది నిమిషాలు అడిగి తీసుకోరాదూ?"

"మీరే అడగండి. ఇస్తే నాకు అభ్యంతరం లేదు."

"రేపు ఆఫీసుకి వెళ్ళాలయ్యా, కాయితం ఇవాళే కావాలి."

"తో బైఠియే న, దాదా. కూర్చోండి. మధ్యాహ్నం కిచిడీ ఉంది, తిని వెళ్ళండి. ఇంతకీ..."

"కిచిడీ తింటూ కూర్చుంటే కాయితం వస్తుందా?"

"లేదు గానీ, అసలు..."

"నువ్వేమీ బాధపడకు లఖన్. నాది ఇరవయ్యేళ్ళ అనుభవం. పొగ విషయం నాకు చెప్పక్కర్లేదు. పానా లేకుండానే చేసి చూపిస్తాను."

వాడు రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ నేను మూయించాను. దయచేసి ఇక్కడ ఒక వేలు పెట్టి ఉంచుకోండి. నా జీవితంలో అత్యంత ఖరీదైన రెండు మూతలు అవే.

"అచ్ఛా? తో ఫిర్ ఠీక్ హై," అని వాడు గుమ్మడికాయల దగ్గరికి వెళ్ళిపోయాడు.

దారిలోనే నాకు మెరుపులా తట్టింది. కార్ఖానా ఎంత పెద్దది, కారు ఎంత చిన్నది! అంత పొగకి వేల సంచులైతే, ఇంత పొగకి ఒక్క సంచి చాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నేను తాడినీ, తన్నేవాణ్ణీ వదిలేసి సరాసరి నా తలే తన్నుకోవడానికి ఇంటికి పరిగెత్తాను.

సంచికి గుడ్డ కావాలి. మందంగా ఉండాలి, కానీ గాలి ఆడాలి. పార్వతి లంగా ఒకటి పట్టుకున్నాను.

"ఏటండీ, మతి గాని పోయిందేటి? అది ఒగ్గీయండి!"

దుప్పటి పట్టుకున్నాను. "అది మా అమ్మిచ్చింది."

నా బనీను చూశాను. దాని చిల్లుల్లోంచి పొగేం ఖర్మ, పిల్లి కూడా దూరిపోతుంది. ఆఖరికి అటక మీది ట్రంకుపెట్టె దించాను. అందులో కలరా ఉండల మధ్య, చలికాలం కోసం ఎదురుచూస్తూ పడుకుని ఉంది మా నాన్న మంకీ క్యాపు. గోధుమ రంగు ఊలుది. చిటికెడు చలికే జంషెడ్‌పూర్‌లో ముసలాళ్ళంతా మొహం మాత్రం వదిలేసి తలకీ మెడకీ కలిపి తొడుక్కుంటారే, ఆ టోపీ. దాన్ని చూడగానే నా కళ్ళు చెమర్చాయి. పొడుగ్గా ఉంది, ఒక కొస మూసి ఉంది, రెండో కొస తెరిచి ఉంది. మొహం దగ్గరి కంత కుట్టేస్తే అచ్చం మా కార్ఖానా సంచే! ఏ మహా ఇంజనీరో మా ముసలాళ్ళ నెత్తికి ఫిల్టరు తొడిగి, మాకు ఇన్నాళ్ళూ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"మావయ్య టోపీ!" అంది పార్వతి.

"ఇది సెప్టెంబరు. మీ మావయ్యకి డిసెంబరుదాకా గుర్తురాదు."

"డిసెంబరులో గుర్తొత్తే?"

"డిసెంబరుకి ఉతికేస్తాం."

బట్టలారేసే తీగ తెంపి పంజరం అల్లాను. క్యాపు దానికి తొడిగాను. వరండాలో కూర్చుని కంత కుడుతుంటే మా నాన్న కర్ర చప్పుడు వినిపించింది. గబుక్కున దాన్ని తువ్వాలు కింద దూర్చాను.

"ఏటిరా సింవాలూ, కుడతన్నావు?"

"కారుకి కవరు నానా."

"ఇంత చిన్న కవరేటిరా? కారు కుంచించుకుపోతదేటి?"

"కారంతటికీ కాదు నానా. కొంచెం భాగానికి."

ఆయన నన్ను కాసేపు చూశాడు. క్రేను కొక్కేనికి వేలాడే బరువుని చూసే చూపు అది, పడుతుందా పడదా అని. "సర్లే. లఖన్ గాడి దగ్గర కిచిడీ అంట. నన్నూ తీస్కెల్లు. ఆడి కిచిడీ తిని మూడేళ్ళయింది."

నేను కాదనాల్సింది. కానీ విజయానికి సాక్షి ఉంటే బాగుంటుందని నా ఆశ.

క్యాపు గొట్టంలోకి తేలిగ్గా పోలేదు. నచ్చజెప్పాను, పోలేదు. అప్పడాల కర్ర తెచ్చి నాలుగు పోట్లు పొడిచాక ఒప్పుకుంది. కాయితం కోసం కోటి విద్యలు.

సిద్ధగోరా నుంచి అగ్రికో ఎంత దూరమని! ఆ కాస్త దూరమూ కారు మూలుగుతూ నడిచింది. స్పీడు పెంచితే దగ్గు, తగ్గిస్తే వెక్కిళ్ళు. ఒక సైకిలతను మమ్మల్ని దాటుతూ జాలిగా చూసి వెళ్ళాడు.

"ఏటిరా బండికి? ఎవుడో ముక్కు మూసీసినట్టుంది," అన్నాడు మా నాన్న.

"పొగ రావట్లేదు, చూశావా?"

"పొగే గాదురా, బండే రావట్లేదు."

బంకు చేరేసరికి మూడు. లఖన్ షెడ్డు ముందు జనం బారులు తీరారు. ఆటోవాళ్ళు, బంకువాళ్ళు, చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళు, చేతిలో సాల్ ఆకు దొన్నెలు పట్టుకుని నిలబడ్డారు. గంగాళం పొయ్యి మీంచి దించి బంకు గోడ చివర పెట్టారు, మూత తీశారు. ఆ వాసనకి మా కారు కూడా ఒక క్షణం దగ్గడం మానేసింది. మా నాన్నని దింపగానే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ వేసి వరసలో ముందు కూర్చోబెట్టారు. పెద్దాయన కదా, మొదటి గరిటె ఆయనకే.

నేను కారుని వ్యాను దగ్గరికి వెనక్కి నడిపి ఆపాను. సునీత గొట్టం తెచ్చి దూర్చబోయింది. రెండు వేళ్ళ లోతుకి వెళ్ళి మెత్తగా ఆగింది.

"అందర్ క్యా హై?"

"కొత్త టెక్నాలజీ," అన్నాను. "మీరు పరీక్ష చేయండి."

ఆవిడ అంత లోతులోనే పెట్టి చూసింది. తెర మీద అంకె ఎక్కుతోంది. పొద్దుటి అంకె దగ్గర కాసేపు ఆగింది, పాత స్నేహితుణ్ణి పలకరిస్తున్నట్టు. ఆ తరవాత దాన్ని దాటుకుని పైకి పోయింది.

"ఇంకా పెరిగింది దాదా."

"అసంభవం! లోపల సంచి ఉంది. పొగని వడకడుతుంది. మీకు తెలియదు గానీ, పెద్ద పెద్ద కార్ఖానాల్లో..." అని మొదలుపెట్టి, పంజరం ఎలా ఉంటుంది, గుడ్డ ఎలా పని చేస్తుంది, కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే ఉపన్యాసం మొత్తం నిలబెట్టి ఇచ్చేశాను. ఆవిడ శ్రద్ధగా వింది. చివర్న నిమ్మళంగా ఒక్క ప్రశ్న అడిగింది.

"దాదా, ఈ మెషీను దుమ్ము కొలవదు, గ్యాసు కొలుస్తుంది. గుడ్డ దుమ్ముని ఆపుతుంది గానీ గ్యాసుని ఆపుతుందా?"

పాఠకులారా, మీ దగ్గర దాచేదేముంది. కార్ఖానాలో నేను ప్రతి బ్యాచికీ బోర్డు మీద రాసే మొదటి వాక్యం అదే. 'గుడ్డ ధూళిని పడుతుంది, వాయువుని పట్టదు.' ఇరవయ్యేళ్ళు రాశాను. కింద రెండు గీతలు కూడా గీసేవాణ్ణి. ఆ వాక్యాన్ని ఆ రోజు పెట్రోలు బంకులో పూలదండ వేసిన కంప్యూటరు పక్కన కూర్చుని ఆవిడ నాకు చెప్తోంది.

"మీరెక్కడ పనిచేస్తారు?" అంది.

"బట్టల కొట్టులో," అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే నేను ఇవాళ ఈ కథ రాయను. "ముందు అదేదో బయటికి తీసేయండి, లోపల అది ఉంటే ఇంజను పాడవుతుంది," అందావిడ. వేలు పెట్టి లాగాను, రాలేదు. క్యాపు లోపల తడిసి, మసి తాగి, మొండికేసి కూర్చుంది. అప్పుడు నా ఇరవయ్యేళ్ళ అనుభవం రెండోసారి లేచి నిలబడింది. సంచి మూసుకుపోతే ఏం చేస్తాం? గాలితో ఒక్క దెబ్బ! నేను కారెక్కాను.

"దాదా, వెనక ఎవరున్నారో చూసి..." అని సునీత అంటూనే ఉంది. నేను ఆక్సిలరేటరు నేలకంటా తొక్కేశాను.

కారు ఒళ్ళంతా బిగపట్టింది. అద్దాలు వణికాయి. తరవాత వెనక 'ధాం' అని ఒక శబ్దం. బంకులో ఉన్నవాళ్ళు టైరు పేలిందనుకున్నారు, వీధిలో ఉన్నవాళ్ళు బాణసంచా అనుకుని చప్పట్లు కొట్టారు. నేను అద్దంలోంచి చూశాను. ఒక నల్లటి తలకాయ, మొండెం లేకుండా, పొగ తోక లాగుకుంటూ, ఆకాశంలో ఎగురుతోంది. వ్యాను అంచు దాటింది. ఒకాయన దొన్నె దాటింది. ఏ తొందరా లేకుండా వంగి, గంగాళం నడిమధ్యన, కిచిడీలో, మొహం కిందికి పెట్టి దిగింది.

కుడితిలో పడ్డ ఎలక అయినా గిలగిలా కొట్టుకుంటుంది. ఇది అదీ చెయ్యలేదు. మెల్లగా మునిగింది. పసుపుపచ్చ కిచిడీ చుట్టూ నల్లటి వలయాలు విచ్చుకున్నాయి.

నూటయాభై మంది ఒకేసారి దొన్నెలు కిందికి దించారు. లఖన్ గరిటె ముంచి, మెల్లగా పైకెత్తాడు. గరిటె చివర క్యాపు వేలాడుతోంది. కొసల్లోంచి మెతుకులూ, మసీ కలిసి కారుతున్నాయి. లోపలి తీగలు రెండు కొమ్ముల్లా బయటికి పొడుచుకొచ్చాయి.

"యే క్యా హై?" అన్నాడు లఖన్, ఎవరినీ ఉద్దేశించకుండా.

మొదటి దొన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్న మా నాన్న ముందుకి వంగి చూశాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూశాడు.

"అది నాదేరా," అన్నాడు. ఆ తరవాత నా వైపు తిరిగి, "ఒరే సింవాలూ! నా తల ఒక్కటీ మిగిలిపోయిందేటిరా? అది కూడా దూర్చీకపోయావా?"

ఎవరో నవ్వారు. నవ్వడం మొదలైతే తిట్టరని నాకు ఆశ పుట్టింది. నవ్వుతూనే తిట్టారు. అది ఇంకా ఘోరం, ఎందుకంటే తిట్టేవాళ్ళకి అలుపు రాదు. లఖన్ మాత్రం తిట్టలేదు. వాడు ఆ షెడ్డుకి జడ్జీ.

"దాదా. గంగాళం మీరే తోమాలి. గుమ్మడికాయలు మీరే తరగాలి. బియ్యం నేనిస్తాను."

అలా తీర్పు అమలయింది. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, బంకు కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, నా ఎత్తున్న గంగాళంలో సగం దూరి, ఇటుకపొడితో తోముతున్నాను. వరసలో ఉన్నవాళ్ళు దొన్నెలు తలలకి టోపీల్లా పెట్టుకుని నాకు సలహాలిస్తున్నారు. "అడుగున, దాదా, అడుగున!" అని ఒకడు. "గుడ్డ పెట్టి తుడవకండి, గుడ్డ గ్యాసుని పట్టదట!" అని ఇంకొకడు. సునీత చెప్పేసింది కాబోలు.

గంగాళంలోంచి తల బయటికి పెట్టేసరికి లఖన్ మా కారు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కన మా నాన్న, కర్ర మీద వాలి. లఖన్ బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టరు డబ్బాకి ఉన్న క్లిప్పులు వేళ్ళతో ఊడదీశాడు. లోపలి ఫిల్టరు తీసి నేలకేసి టపటపా కొట్టాడు. దాన్లోంచి రాలిన దుమ్ముతో ఒక చిన్న దీవి కట్టొచ్చు. మళ్ళీ పెట్టేశాడు. తరవాత డ్రైవరు సీట్లో కూర్చుని, స్టార్ట్ చేసి, స్టీరింగు కింద ఏదో చిన్న గుండీని బొటనవేలితో లోపలికి నొక్కాడు.

కారు దగ్గు ఆగిపోయింది. పొగ పలచబడింది. పలచబడి, కనిపించకుండా పోయింది. నేను కళ్ళు నలుపుకున్నాను. కళ్ళల్లో ఇటుకపొడి పడింది.

సునీత పరీక్ష చేసింది. నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా ప్రింటరు బరబరా ఒక కాయితం ఉమ్మింది. "పాస్!" అంది. మా నాన్న దాన్ని తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జేబులో కాదు, లోపలి బనీనులో పెట్టుకున్నాడు. తుక్కువాడికి అక్కడిదాకా చెయ్యి అందదని కాబోలు.

నేను చేతుల్లో మసితో పరిగెత్తాను. "ఏం చేశావు లఖన్?"

"చోక్ బయటికి లాగి ఉంది దాదా. వానాకాలంలో స్టార్టవ్వకపోతే లాగుతారు కదా, మళ్ళీ లోపలికి తోయడం మర్చిపోయినట్టున్నారు. జూన్ నుంచి పెట్రోలు రెండింతలు తాగుతోంది పాపం. ఫిల్టరు కూడా దుమ్ము పట్టింది."

"మరి ఇవాళ పానా ముట్టకూడదన్నావు కదా!"

"ముట్టలేదే." రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "వేళ్ళతో చేశాను. వేళ్ళకి సెలవు లేదు."

"ఈ ముక్క పొద్దున్నే చెప్పొచ్చు కదయ్యా!"

"చెప్పబోయాను, దాదా. మీరు 'పానా ఉందా' అని అడిగారు. 'కారుకి ఏమైందో చూడు' అని అడగలేదు. నేను అడగబోతే, మీది ఇరవయ్యేళ్ళ అనుభవం అన్నారు." గంగాళం వైపు చూశాడు. "అడుగున ఇంకా కొంచెం ఉంది."

రెండో కిచిడీ ఆరింటికి తయారయింది. గుమ్మడికాయ ముక్కలు నేనే తరిగాను కాబట్టి ఏ రెండూ ఒక్కలా లేవు. మొదటి గరిటె మా నాన్నకే వేశారు. తిని, వేళ్ళు నాకి, "బావుంది. మొదటిదానికి ఊలు రుచి వచ్చుండేది," అన్నాడు.

మర్నాడు రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ తరవాతి ఆదివారం సాక్చి టీ కొట్టులో చచ్చిపోయిన ఫోర్‌మెన్ల ఊసే రాలేదు. ఇద్దరు ముసలాళ్ళకీ మా నాన్న ఆ గంటలో నా గురించి మాత్రమే చెప్పాడు. నేను పక్కన చేపల సంచి పట్టుకుని నిలబడి అంతా విన్నాను. ఆయన చెప్పేటప్పుడు క్యాపు ఇంకా ఎత్తు ఎగిరింది, గంగాళం ఇంకా పెద్దదయింది, నా బుద్ధి ఇంకా చిన్నదయింది. నేను ఇప్పుడు కొంచెం కోతలు కోస్తానని మీకు అనిపిస్తే, వంశం చూసి క్షమించండి.

ఆ సాయంత్రమే, ఇంటి ముందు, తూర్పుకి తిరిగి, మా నాన్న సమక్షంలో గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. "నానా! సింహాచలం అనబడే నేను, బండికి రోగమొస్తే ముందు నోరు మూసుకుని ఎదుటివాడిని నోరు తెరవనిస్తాను. కారులో ఏ గుండీ లాగితే ఆ గుండీ మళ్ళీ తోస్తాను. ఇంట్లో ఎవరి తలకి సంబంధించిన ఏ వస్తువూ ఏ గొట్టంలోనూ దూర్చను. నా అనుభవాన్ని రోజూ కార్ఖానా గేటు దగ్గరే వదిలి ఇంటికొస్తాను. ఇకమీదట ఈ జన్మలో ఈ కారు జోలికి వెళ్ళను!"

మా నాన్న కర్ర ఊతం మీద నిలబడి చివరిదాకా విన్నాడు.

"బాగానే సెప్పినావు," అన్నాడు. "ముందా బానెట్ మీంచి సెయ్యి తియ్యి. అప్పుడు మల్లీ సెప్పు."